రాకాసి ఉమ్మిన అడవి

అబద్ధాలు చెప్పడంలో మా రాళ్ళగుంపు ఊళ్ళో నన్ను మించినవాడు లేడు. గోదావరిలో నేను పట్టిన వాలుగ చేప తల మణుగూరులో ఉంటే తోక బూర్గంపాడులో ఉందని చెప్తే, విన్నవాడు "మరి నడుం ముక్క ఎవలు తిన్నరన్నా?" అని అడుగుతాడు తప్ప కాదనడు. వాళ్ళకు తెలుసు అబద్ధమని. నాకూ తెలుసు. పొద్దంతా తునికాకు కోసి నడుములు పడిపోయిన మనుషులకు కాసేపు నవ్వు కావాలి. అది నా దగ్గర దొరుకుతుంది.

నా పేరు స్తెఫను. బడి మొహం చూడలేదు, సంతకం అడిగితే బొటనవేలు చూపిస్తాను. మాది ముదిగొండ దగ్గర. సంపూర్ణను చేసుకుని ఇల్లరికం వచ్చాను. పినపాక దాటి, తారు రోడ్డు అయిపోయాక ఇంకా ఆరు కిలోమీటర్లు లోపలికి నడవాలి ఈ ఊరికి. వచ్చి ఇరవై ఏళ్ళయినా ఊళ్ళో నా పేరు "సంపూర్ణ మొగుడు"గానే ఉండిపోయింది. పొలం ఎవరిదంటే సంపూర్ణది. ఇల్లు ఎవరిదంటే సంపూర్ణది. నాదంటూ ఉన్నది ఈ నోరు ఒక్కటే.

ఊరి వెనక వాలు మీద రాకాసి గుళ్ళున్నాయి. పేరుకు గుళ్ళే గాని దేవుడుండడు. నాలుగు బండ పలకలు నిలబెట్టి, పైన ఎడ్లబండి అంత పలక కప్పి ఉంటాయి. ఎప్పటివో ఎవరికీ తెలియదు. వాటి చుట్టూ గుండ్రంగా ఇప్పచెట్లు. చెట్ల కిందినుంచి వాగు దాకా మా నాలుగెకరాల పోడు.

ఆ పోడు కొట్టింది సంపూర్ణ అమ్మమ్మ పగిడమ్మ. నైజాం జమానాలో టేకు కొట్టే కాంట్రాక్టరు వెంట కూలికి వచ్చిందట. పని అయిపోయాక కూలీలంతా వెళ్ళిపోయారు, ఆమె మాత్రం మొగుణ్ణి లాక్కుని ఇక్కడే ఉండిపోయింది. చెట్టూ చేమా కొట్టి జొన్న వేసుకుంది గాని ఇప్పచెట్టు మీద గొడ్డలి పడనీయలేదు. మాఘం వెళ్ళగానే చెట్ల కింద రాలిన ఆకు ఊడ్చి మంట పెట్టేది, పూలు రాలితే ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని. తొలి వానలకు పచ్చి ఇప్పగింజలు ఒళ్ళో పోసుకుని, గుళ్ళ చుట్టూ వేలితో గుంట చేసి ఒక్కొక్కటే పాతేది. ఆమె తర్వాత ఆమె కూతురు, ఆ తర్వాత సంపూర్ణ అదే పని చేశారు. సంపూర్ణ అయితే వాన పడ్డ రోజు నాకు గంజి కాయడం మరిచిపోతుంది గాని గింజలు పాతడం మరవదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో ఉదయ్ భాస్కర్ వచ్చాడు. సత్తుపల్లి వైపు పెద్ద రైతుల కుటుంబం, హైదరాబాదులో పెద్ద చదువు. జీపు దిగీ దిగగానే గుళ్ళ దగ్గరికి పోయి ఆ రాళ్ళను నిమిరాడు, మనం కొన్న ఎద్దును నిమిరినట్టు. ఆ పిల్లాడు నాకు అక్కడే నచ్చేశాడు.

"ఏం వెతుకుతున్నవ్ సారూ? బంగారమా?" అని అడిగాను.

"కాదు బాబాయ్. బొగ్గు."

"బొగ్గు గావాలంటే మణుగూరు పోవాలె గదా!"

అతను పగలబడి నవ్వాడు. తర్వాత చెట్టు నీడన కూచోబెట్టి చెప్పాడు. ఆ గుళ్ళు కట్టినవాళ్ళు మూడు వేల ఏళ్ళ కిందటి మనుషులట. వాళ్ళు పొదలు కాల్చి, పనికొచ్చే చెట్టును కొట్టకుండా వదిలి, తిన్న పండ్ల గింజలు పారేసి, పాతి, ఈ అడవిని తమకు కావలసినట్టు మార్చుకుని ఉండవచ్చట. ఇప్ప, తునికి, వెలగ ఇక్కడ గుంపులు గుంపులుగా ఉన్నాయంటే దాని వెనక వాళ్ళ చేయి ఉందేమో అని అతని అనుమానం. మట్టిలో పాత బొగ్గు దొరికితే ఆ మంటల సంగతి తేలుతుంది.

"అంటే ఈ అడవి దానంతటదే మొలవలేదా? మనుషులు పెంచిన తోటనా?"

"కావచ్చు బాబాయ్. అదే నేను తేల్చాలి."

నాకు ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా నేను ఎన్ని కోతలు కోశానో లెక్క లేదు గాని, ఇంత పెద్ద మాట నాకెప్పుడూ తట్టలేదు.

రెండు ఎండాకాలాలు మా ఇంట్లోనే ఉన్నాడు. వసారాలో నులక మంచం అతనిది. నేను గుంటలు తవ్వేవాణ్ణి, సంపూర్ణ వండి పెట్టేది. ఆమెను "పిన్నీ" అనేవాడు. వెదురు కొమ్ముల కూర చేస్తే గిన్నె నాకినంత పని చేసేవాడు. జ్వరమొచ్చి పడిపోతే సంపూర్ణ నాలుగు రోజులు తడిగుడ్డ వేస్తూ పక్కనే కూచుంది. మాకు పిల్లలు లేరు. అతను "పిన్నీ" అన్నప్పుడల్లా ఆమె మొహం ఎట్లా అయ్యేదో నేను చూశాను.

మొదటి ఏడాదే ఒక మధ్యాహ్నం, గుళ్ళ దగ్గర తవ్వకం ఆపి అందరం చల్ల తాగుతున్నాం. పక్క తండా మంగీలాల్ కూడా పనికి వచ్చాడు. ఉదయ్ తన టేపు రికార్డరు తీసి బండ మీద పెట్టాడు.

"బాబాయ్, ఈ గుళ్ళ గురించి మీ ఊళ్ళో ఏమనుకుంటారో చెప్పు."

ఊళ్ళో ఏమీ అనుకోరు. కాని నా ముందర ఎర్ర లైటు వెలుగుతోంది, పది మంది చెవులు నిక్కబొడుచుకుని ఉన్నారు. ఎత్తుకున్నాను.

"ఒక రాకాసి ఉండెటోడు సారూ. పన్నెండు తాటిచెట్ల పొడుగు. గోదావరిల నిలబడితే మోకాలు గుడ తడవకపోయేది. ఆనికి ఇప్పపండ్లంటే పానం. భద్రాచలం కాడ బుక్కెడు నోట్లె ఏసుకుంటే చర్ల దాక నములుకుంట నడిచేటోడు. గింజలు థూ థూ అని ఊంచుకుంట పోయేది. ఊంచినకాడల్లా చెట్టు మొలిసింది. తుమ్మినకాడ వెదురు లేసింది. ఆడు కూసున్న జాగల మాత్రం గడ్డి గుడ మొల్వలే, గందుకే మణుగూరుల గంత పెద్ద గుంత."

"అది బొగ్గుబాయి గదనే!" అన్నాడు మంగీలాల్.

"బొగ్గోళ్ళు తర్వాత అచ్చిండ్రురా. గుంత ముందల్నే ఉన్నది."

అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నాకు ఊపొచ్చింది.

"రాకాసోళ్ళంత సచ్చిపోయినంక వెయ్యేండ్లు ఒక్క నరపురుగు ఈడ అడుగు పెట్టలే సారూ. పెట్టినోణ్ణి పెట్టినట్టే దయ్యాలు మింగేటియి."

"మరి నువ్వెట్లా వచ్చావు బాబాయ్?"

"నేనా? భుజం మీద గొడ్డలి ఏసుకోని, నోట్లె దేవుని పాట పాడుకుంట ఒక్కణ్ణే అచ్చిన. పులి ఎదురొచ్చింది. జరుగు అన్న. జరిగింది."

"దండం పెట్టలేదా అన్నా నీకు?" అన్నాడు మంగీలాల్.

"పెడదామనుకుంది గని ముందల కాళ్ళు ఖాళీ లేవు, జింక ఉండె."

నవ్వులు సద్దుమణిగాక ఉదయ్ కొంచెం ముందుకు జరిగాడు. "అంటే బాబాయ్, నీకంటే ముందు ఇక్కడ ఎవరూ సేద్యం చెయ్యలేదంటావు?"

"ఎవడు జేస్తడు సారూ! ఈ నేల మీద మొదటి దెబ్బ నాది. మొదటి గింజ నాది. ఇరువై ఏండ్లు గుడ నిండలే."

ఆ మాట ఎందుకన్నానో ఇప్పటికీ ఆలోచిస్తాను. బహుశా ఇరవై ఏళ్ళు సంపూర్ణ మొగుడిగా బతికినవాడికి, ఒక్క పూట ఏదో ఒకటి మొదలుపెట్టిన మనిషిని కావాలనిపించి ఉంటుంది. ఉదయ్ వంగి టేపు తిరుగుతోందో లేదో చూసుకున్నాడు. నా కథ అంత బాగుందని మురిసిపోయాను.

సాయంత్రానికే మంగీలాల్ ఆ కథను సంపూర్ణ చెవిన వేశాడు. ఆమె ఉదయ్‌కు అన్నం పెడుతూ నా వైపు గరిటె ఊపింది.

"ఏమయ్యా, మొదటి దెబ్బ నీదా? నువ్వచ్చిన కొత్తల గొడ్డలి ఎటు పట్టాల్నో తెల్వక కాలు కోసుకుంటివి." తర్వాత అతని వైపు తిరిగింది. "బాబూ, ఈయన చెప్పేయి నవ్వి ఇడిసెయ్యాలె. ఆ చెట్లు మా అమ్మమ్మ పగిడమ్మ పెట్టింది. రేపు రా, చూపెడ్త."

మరునాడు ముగ్గురం వెళ్ళాం. సంపూర్ణ ఒక్కో చెట్టును తట్టి చెప్పింది. ఇది మా అమ్మమ్మ వచ్చిన ఏడాది పెట్టింది, ఇది మా అమ్మ పుట్టినప్పుడు, ఈ చిన్నది నేను. ఉదయ్ సంచిలోంచి ఒక బర్మా తీసి, అన్నిటికంటే పెద్ద చెట్టుకు సన్నని బెజ్జం వేసి, అగరుబత్తి అంత చెక్క ముక్క బయటికి లాగాడు. దాని మీద గీతలను భూతద్దంలో చాలాసేపు చూశాడు. అతని మొహం చిన్నదైంది.

"ఎనభై ఏళ్ళు ఉండొచ్చు" అన్నాడు మెల్లగా. "నీ లెక్క కరెక్టే పిన్నీ."

"నేనెందుకు అబద్ధం జెప్త? నేనేమన్న ఈయననా?"

అతను పుస్తకంలో రాసుకున్నాడు. పగిడమ్మ పేరు రెండుసార్లు పలికించుకుని మరీ రాసుకున్నాడు. మరుసటి ఎండాకాలం కూడా వచ్చి, తవ్వకం ముగించుకుని, సామాను పెట్టె మా ఇంట్లోనే వదిలి వెళ్ళాడు, మళ్ళీ వస్తానని.

రెండువేల ఎనిమిదిలో పోడుకు పట్టాలిస్తారన్న కబురు అడవంతా పాకింది. గిరిజనులకైతే దారి సులువు. మాలాంటి వాళ్ళు మూడు తరాలుగా, అంటే డెబ్బై అయిదేళ్ళ నుంచి, ఇక్కడే అడవి మీద ఆధారపడి బతుకుతున్నట్టు చూపించాలట. సంపూర్ణకు రాత్రింబవళ్ళు అదే చింత. ఆ నాలుగెకరాలు పోతే మాకు ఇంకో పిడికెడు మట్టి లేదు. పగిడమ్మను ఎరిగిన ముసలివాళ్ళు ఊళ్ళో ఇద్దరే మిగిలారు, అందులో ఒకామెకు మాట పడిపోయింది.

"ఎందుకే బుగులు?" అన్నాను నేను. "ఉదయ్ బాబు అన్ని రాసుకున్నడు. చెట్టుకు బెజ్జమేసి మరీ చూసిండు. గంత చదువుకున్నోడు చెప్పినంక ఎవడు కాదంటడు?"

పినపాక వెళ్ళి, ఫోను డబ్బాలో రూపాయి వేసి హైదరాబాదుకు చేశాను. "నన్ను కూడా పిలిచారు బాబాయ్, వస్తున్నాను" అన్నాడు. ఇంకేదో అడిగేలోపు లైను కట్టయింది. సంపూర్ణతో "కొడుకు లెక్క వస్తుండే" అని చెప్పాను. ఆమె ఆ రోజు చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది.

విచారణ బడి వరండాలో పెట్టారు. కుర్చీలో పెద్ద ఆఫీసరు, పక్కన రేంజరు వెంకటరామారావు, ఆ పక్కన ఉదయ్. తెల్ల చొక్కా వేసుకున్నాడు. నేను చేయి ఊపితే తల వంచి కాగితాలు సర్దుకున్నాడు. పెద్దవాళ్ళ ముందు మొహమాటం కాబోలు అనుకున్నాను.

మంగీలాల్ పని ఇట్టే అయిపోయింది. తర్వాత సంపూర్ణను పిలిచారు. ఆమె నిలబడి పగిడమ్మ సంగతి మొత్తం చెప్పింది, తడబడకుండా. ఆఫీసరు కూడా తలాడిస్తూ విన్నాడు. అప్పుడు రేంజరు లావుపాటి పుస్తకం ఒకటి ముందుకు జరిపాడు.

"సార్, ఈ జాగ గురించి రిపోర్టు ఉన్నది. ఈ ఇప్పచెట్లు ఆ గుళ్ళు కట్టినోళ్ళు పెంచిన వనమట, వాళ్ళ తర్వాత మనిషి చెయ్యి పడకుంట వస్తున్నదట. వెయ్యేండ్లకు పైన ఈడ ఎవ్వరు లేరట. సేద్యం మొదలై ఇరవై ఏండ్లు గుడ కాలేదట. కంచె ఏసి కాపాడాలని రాసిండ్రు."

"ఎవరు చెప్పారట?" అన్నాడు ఆఫీసరు.

రేంజరు టేపు రికార్డరు నొక్కాడు.

నా గొంతు బడి వరండా అంతా మోగింది. "ఈ నేల మీద మొదటి దెబ్బ నాది. మొదటి గింజ నాది. ఇరువై ఏండ్లు గుడ నిండలే." పులి లేదు, రాకాసి లేదు, మణుగూరు గుంత లేదు. మంగీలాల్ నవ్వు కూడా లేదు. ఆ మూడు మాటలే కోసి పెట్టుకున్నారు, వంకాయ తొడిమ కోసినట్టు. వింటే ఎవరైనా నిజమనే అనుకుంటారు. అంత పద్ధతిగా ఉంది నా మాట.

"అబద్ధం సారూ!" అని లేచాను. "నేను ఇల్లరికం అల్లుణ్ణి! నవ్వేదానికి చెప్పిన. ఊరంతటికి ఎరుకే, నేను అబద్ధాలాడ్త!"

"అబద్ధాలాడేటోడివైతే ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?" అన్నాడు రేంజరు.

వరండాలో కొందరు నవ్వారు. నా జీవితంలో మనుషులు నవ్వితే బాధ కలిగింది అదే మొదటిసారి.

"ఉదయ్ బాబుకు తెలుసు సారూ! ఆయన్నే అడుగుండ్రి. చెట్టుకు బెజ్జమేసి చూసిండు. ఎనభై ఏండ్లని ఆయన నోటితోనే అన్నడు!"

ఆఫీసరు అతని వైపు తిరిగాడు. "ఏమండీ, నిజమేనా?"

ఉదయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. సంపూర్ణ అతన్నే చూస్తోంది, చేతిలో కొంగు ముడి పట్టుకుని.

"రికార్డయిన సాక్ష్యం అయితే ఇదే సార్" అన్నాడు. "దీనికి వ్యతిరేకంగా నా రిపోర్టులో ఏమీ లేదు."

రిపోర్టులో లేదు. అది నిజమే. అబద్ధం ఎట్లా చెప్పాలో నాకు తెలుసనుకున్నాను ఇన్నాళ్ళూ. ఒక్క అబద్ధం మాట ఆడకుండా అబద్ధం చెప్పడం ఆ రోజు చూశాను.

సంపూర్ణ దరఖాస్తు కొట్టేశారు. కావాలంటే రెండు నెలల్లో పైకి అప్పీలు చేసుకోమన్నారు.

ఆ మధ్యాహ్నమే అతను మా ఇంటికి వచ్చాడు. వదిలి వెళ్ళిన పెట్టె తీసుకుపోవడానికి. జీపు డ్రైవరును పంపవచ్చు గాని తానే వచ్చాడు. గడపలో నిలబడ్డాడు. నేను మంచం మీద నుంచి లేవలేదు. నా నోట్లో మాట లేదు. ఊళ్ళో ఎవరన్నా చూసి ఉంటే ఇది ఇంకో అబద్ధం అనుకునేవాళ్ళు.

"తిన్నవా?" అని అడిగింది సంపూర్ణ.

"లేదు పిన్నీ. పర్లేదు."

"కూసో."

అన్నం వేసి, పప్పుచారు పోసింది. అతను తలెత్తకుండా కలుపుకున్నాడు. రెండు ముద్దలు తిన్నాక ఆమె ఎదురుగా పీట మీద కూచుంది.

"బాబూ, మా అమ్మమ్మ పేరేంది?"

"పగిడమ్మ" అన్నాడు వెంటనే. తడుముకోలేదు కూడా. అని, చేయి కంచంలోనే ఆపేశాడు.

"అవ్. యాదికున్నది గదా నీకు."

 వాకిట్లో కోడి ఒకటి పెట్టెక్కి రెక్కలు దులుపుకుంది.

"పిన్నీ, ఆ చెట్లు మీ అమ్మమ్మ నాటిందని రాస్తే నా ఇన్నేళ్ళ పని కొట్టుకుపోతుంది. పాతకాలం మనుషులు నాటిన వనమని పైవాళ్ళకు చెప్పుకున్నాను. ఎనభై ఏళ్ళ చెట్లంటే నవ్వుతారు. బాబాయ్ మాట అప్పటికే టేపులో ఉంది. అది పెట్టాను. నేను కల్పించింది కాదు."

"పులి సంగతి ఎందుకు పెట్టలే మరి?" అంది సంపూర్ణ.

అతను తల వంచుకుని మళ్ళీ అన్నం కలిపాడు.

"ఆ రాళ్ళు పెట్టినోళ్ళు ఏం జేసిన్రన్నవ్? పొదలు కాలబెట్టిన్రు, పనికొచ్చే చెట్టును ఇడిసిపెట్టిన్రు, గింజలు పాతిన్రు. మా అమ్మమ్మ చేసింది గుడ గదే గదా బాబూ. మా అమ్మ చేసింది గదే. నేను చేసేది గదే. వాళ్ళ పని సచ్చిపోలేదని రాసుంటే నీ పుస్తకం పెద్దగయ్యేది గని చిన్నగయితదా?"

ఆ మాటకు అతను తలెత్తాడు. ఆ ఆలోచన అతనికి రానే లేదని కళ్ళలో కనిపించింది. ఒక్క క్షణం అంతే. నాకు ఆశ పుట్టింది.

"ఇప్పుడన్న రాసియ్యి" అన్నాను నేను. "అప్పీలుకు. ఒక్క కాగితం. ఎనభై ఏండ్లని."

"పుస్తకం అచ్చులో ఉంది బాబాయ్. ఇప్పుడు మారిస్తే నన్నే దొంగ అంటారు." చేయి కడుక్కున్నాడు. "చూస్తాను. ఏదో ఒకటి చేద్దాం."

పెట్టె తలుపు దగ్గరే ఉంది. ఎత్తుకుని వెళ్ళిపోయాడు. సగం తిన్న కంచం సంపూర్ణ తీసి కోళ్ళకు వేసింది.

వారం తర్వాత ఆమె మాట ఉన్న ముసలామెను ఆటోలో కూచోబెట్టుకుని అప్పీలుకు బయలుదేరింది. మంగీలాల్ తోడు వెళ్ళాడు. నేను ఉతికిన చొక్కా వేసుకుని ఆటో దగ్గరికి పోయాను.

"నువ్వు రాకు" అంది.

"ఒకసారి నిజం జెప్పుకుంటనే."

"నిన్ను జూస్తే వాళ్ళకు టేపే యాదికొస్తది."

ఆటో వెళ్ళిపోయింది. వెళ్ళిందని చూసి నేను పినపాక పోయి ఉదయ్‌కు ఫోను చేశాను. ఆ రోజు, మరునాడు, ఆ తర్వాత కూడా. మోగింది, ఎత్తలేదు.

జవాబు కాగితం వానాకాలం మొదట్లో వచ్చింది. మంగీలాల్ చదివాడు. భర్త స్వయంగా ఇచ్చిన సాక్ష్యం ఉన్నందున ముసలామె మాట పరిగణించలేమని అందులో ఉంది. "స్వయంగా" అన్న మాట దగ్గర మంగీలాల్ ఆగి నా వైపు చూశాడు. సంపూర్ణ కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. ఏడవలేదు. తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా నాకు కాస్త బాగుండేది.

వాగు దగ్గర నుంచి గుళ్ళ దాకా సిమెంటు స్తంభాలు పాతారు. వాటికి ముళ్ళతీగ లాగారు. పట్టా వచ్చిన మంగీలాల్ పొలంలో పత్తి గింజ పెట్టే పని మొదలైంది. పొద్దున్నే సంపూర్ణ తలకు గుడ్డ చుట్టుకుని, సద్దిగిన్నె పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"మంగీలాల్ పొలానికా?" అన్నాను.

"కూలికి."

"నేనూ వస్త."

ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనక నడిచాను. కంచె పక్క నుంచి పోతుంటే ఏదన్నా చెప్పి ఆమెను నవ్వించాలని నోరు తెరిచాను. ఏం చెప్పినా అది ఎవరి పొలం మీద పడుతుందో అని భయమేసింది. సద్దిగిన్నె ఇటివ్వమని చేయి చాచాను. ఆమె గిన్నెను రెండో చేతికి మార్చుకుని నడుస్తూనే ఉంది.